మాటలకు ఇంటిపేర్లు

ఆ ప్రెస్సులో ఆవిణ్ణి సొంత పేరుతో పిలిచినవాళ్లు లేరు. గొంతమ్మ అనేవారు. ఆవిడ పనంతా గొంతుతోనే కాబట్టి, ఎవరు పెట్టారో తెలియకుండానే ఆ పేరు అతుక్కుపోయింది. రచయితలు రాసి పంపిన కాగితాలను పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా పైకి చదవడం ఆవిడ ఉద్యోగం. బల్లకు అటువైపు కళ్లద్దాలాయన కూర్చుని, తప్పులు దిద్దడానికి అచ్చయి వచ్చిన ప్రూఫు మీద ఎర్ర పెన్సిలు ఆనించి, చెవిన పడిన మాటా కంటికి కనబడే మాటా ఒకటేనా అని చూసుకుంటూ పోయేవాడు. ఆవిడ కళ్లు రాతప్రతి మీద, ఆయన కళ్లు ప్రూఫు మీద. ఒకరి మొహం ఒకరు చూసుకునేది టీ వచ్చినప్పుడే. ఇరవై ఆరేళ్లుగా అదే బల్ల, అవే రెండు కుర్చీలు.

గది మేడమెట్ల కింద ఉండేది. పక్కనే అచ్చు యంత్రాల మోత కాబట్టి తలుపు ఎప్పుడూ వేసే ఉంచాలి. ఫ్యాను గట్టిగా తిరిగితే కాగితాలు ఎగురుతాయి, తిరక్కపోతే చెమటలు. పాత యంత్రాల్లోంచి ఊడిన ఇనప నట్లను కాగితాల మీద బరువు పెట్టుకుని మధ్యేమార్గంగా నెట్టుకొచ్చేవారు. ఆవిడ చదువులో రాగం ఉండదు, భావం ఉండదు. "కొత్త పేరా" అని మొదలుపెట్టి కామాలూ చుక్కలూ కూడా నోటితోనే చెబుతూ పోతుంది. కొత్తవాళ్లు విని నవ్వుకునేవారు. ఆ నవ్వులకు ఆవిడ ఏనాడూ కోపం తెచ్చుకోలేదు.

ఇంగ్లీషు పుస్తకాలు వచ్చినప్పుడు మాత్రం ఒక చిక్కుండేది. ఆ భాషలో చెవికి ఒకేలా వినబడి, రాతలో వేరుగా ఉండి, అర్థంలో ఆమడ దూరంగా ఉండే మాటలు కొల్లలు. వీక్ అని చదివితే ఏడు రోజుల వారమా, ఒంట్లో నీరసమా? మీట్ అంటే కలుసుకోవడమా, మాంసమా? ప్రతిసారీ అక్షరాలు విడదీసి చెబితే పేజీకి గంట పడుతుంది. అందుకని మొదటి ఏడాదే ఇద్దరూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. అలాంటి ప్రతి మాటకూ ఒక ఇంటిపేరు తగిలించారు. వారం వీక్, నీరసం వీక్. తోక టేల్, కథ టేల్. మడమ హీల్, గాయం మానే హీల్. దణ్ణం ప్రే, వేట ప్రే. కదలకుండా నిలబడేది రాయి స్టేషనరీ, కాగితాలూ కలాలూ బీరువా స్టేషనరీ. ముగ్గురన్నదమ్ములుంటే ముగ్గురికీ మూడు. చెప్పు అడుగున ఉండేది అట్ట సోల్, మనిషి లోపల ఉండేది ఆత్మ సోల్, సముద్రంలో ఈదేది చేప సోల్.

"ఆత్మకీ చెప్పు అట్టకీ ఒకటే పిలుపేమిటి అన్నయ్యగారూ, దొరలకు వేరే మాట దొరకలేదా?" అని ఆవిడ అంటే, "రెండూ అరిగేవేగా చెల్లెమ్మా" అనేవాడు ఆయన. వాళ్ల వేళాకోళాలన్నీ ఆ గదిలో ఆ మాటల చుట్టూనే.

యజమాని కంప్యూటర్లు కొన్నాక కూడా ఈ జంటను ఉంచింది అందుకే. వారం రాయాల్సిన చోట నీరసం రాసినా, మాట తప్పు లేకుండా ఉంటే కంప్యూటరు కిమ్మనదు. ఇలా చదివి దిద్దే మిగతా జంటలన్నీ ఒక్కొక్కటే ఇంటిదారి పట్టాయి. వీళ్లిద్దరే మిగిలారు.

ఆ గదికి ఇంకో నియమం కూడా ఉండేది. అది గొంతమ్మ పెట్టిందే. మొదట్లో ఒకసారి కళ్లద్దాలాయన, "నీకు జలుబు చేసినట్టుంది, మాట ముక్కులోంచి వస్తోంది" అన్నాడు. ఆవిడ అప్పటికి కొత్త. పల్లెటూరి బళ్లో పదో తరగతి దాకా చదివి వచ్చిన మనిషి. తన పలుకును వెక్కిరిస్తున్నాడనుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఈ గదిలో మాటల తప్పులే పట్టుకుందామండీ, మనుషుల తప్పులొద్దు. రోజుకు ఎనిమిది గంటలు ఎదురెదురుగా కూర్చోవాలి. మీరు నన్ననకండి, నేను మిమ్మల్ననను" అంది. ఆయన తలూపాడు. ఆయన ముక్కు ఈల వేసినట్టు చప్పుడు చేస్తుంది. ఇరవై ఆరేళ్లలో ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు. ఆవిడకు దగ్గొస్తే ఆయన పెన్సిలు పైకెత్తి, తగ్గేదాకా కిటికీ వైపు చూసేవాడు. అంతే.

ఇంట్లో గొంతమ్మ మాట్లాడేది బహు తక్కువ. ప్రెస్సులో గొంతు ఆర్చుకుని వచ్చాక ఇంకో మాట పెగిలేది కాదు. భర్త వాచీలు బాగుచేసేవాడు. వీధి మలుపులో, మెట్ల సందులో, మోకాళ్లు ముడుచుకుంటే తప్ప పట్టని చిన్న కొట్టు ఆయనది. భోజనానికి రమ్మని ఆవిడ గరిటెతో గిన్నె మీద రెండుసార్లు కొడితే ఆయన వచ్చేవాడు. నీళ్లు కావాలంటే వేలు చూపించేది. కోపమొస్తే తలుపు కాస్త గట్టిగా వేసేది. "నా పెళ్లాం మాట వినాలంటే నేనూ ఒక పుస్తకం రాసి ప్రెస్సుకు పంపాలి" అని ఆయన పదిమందిలో నవ్వించేవాడు. ఆవిడా నవ్వేది, చప్పుడు లేకుండా.

అందుకే ఆవిడ గొంతు పాడవుతున్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఆవిడకే సరిగా తెలియలేదు. అలసట అనుకుంది. ఫ్యానుగాలి అనుకుంది. కాగితపు దుమ్ము అనుకుంది. కళ్లద్దాలాయన కుర్చీ ఎప్పుడో ఒక జానెడు ముందుకు జరిగింది, ఆవిడ గమనించలేదు. బల్ల మీదికి ఒక ఫ్లాస్కు వచ్చింది. "మా ఇంట్లో ఊరికే పడుంది" అన్నాడు ఆయన. గంటకోసారి గోరువెచ్చని నీళ్లు మూతలో పోసి, ఒక్క మాటా అనకుండా ఆవిడ వైపు జరిపేవాడు. ఎంత మంచి మనిషి అనుకుని తాగేది.

తీరా మింగుడు కూడా కష్టమయ్యాక ఒక ఉదయం ఆసుపత్రికి వెళ్లింది. డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపికస్తురాలు. సన్నటి గొట్టం ముక్కులోంచి పంపి చూసింది. ముక్క తీసి పరీక్షకు పంపింది. వారం తరువాత రమ్మని, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది.

"గొంతు మారి ఎన్నాళ్లయిందమ్మా?"

"రెణ్ణెల్లు."

"ఇది రెణ్ణెల్లది కాదు. ఏడాది పైమాటే. చుట్టుపక్కలవాళ్లు ఎవరూ అనలేదా, నీ గొంతు బొంగురుపోయిందని?"

"ఇంట్లో నేను మాట్లాడనండీ."

డాక్టరమ్మ కాగితం తిప్పింది. "మొదట్లోనే వస్తే కరెంటు పెట్టి తగ్గించేవాళ్లం, మాట నిలిచేది. ఇప్పుడు స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి. ప్రాణానికి ఫరవాలేదనే ఆశ ఉంది. ఊపిరికి మెడ దగ్గర దారి పెడతాం."

"మాట?"

"రాదమ్మా."

గొంతమ్మ లేచి నిలబడి, మళ్లీ కూర్చుంది. ఆసుపత్రిలో ఇరవయ్యో రోజుకు మంచం ఖాళీ ఉందన్నారు. అప్పటిదాకా మాట్లాడటం తగ్గించమన్నారు. మాట్లాడే కొద్దీ నొప్పి పెరుగుతుందన్నారు.

ఆ మధ్యాహ్నమే ప్రెస్సుకు వెళ్లి యజమానికి చెప్పింది. ఆయన చెడ్డవాడు కాడు. కుర్చీ తెప్పించాడు, మంచినీళ్లు ఇప్పించాడు, ఆసుపత్రికి తన కారు పంపుతానన్నాడు. ఆపైన తల గోక్కుంటూ అన్నాడు, "మరి నువ్వు లేకపోతే ఆయన ఎవరి చదువు వింటాడమ్మా? ఆయన్ని మాత్రం ఏ పనికని ఉంచుకోను?"

 కళ్లద్దాలాయనకు ఇంకా మూడేళ్ల ఉద్యోగముంది. భార్య మంచంలో ఉంది, లేవదు. ఆవిణ్ణి తిప్పి పడుకోబెట్టి, ఒళ్లు తుడిచి, పక్కింటావిడకు అప్పజెప్పి రోజూ పనికి వస్తాడు. ఈ వయసులో ఇంకో చోట ఆయన్ని ఎవరు తీసుకుంటారు?

"సూదమ్మకు నేర్పుతానండీ" అంది గొంతమ్మ. సూదమ్మ బైండింగులో పుస్తకాలు కుట్టే మనిషి, నలభై దాటింది. తనూ పదో తరగతే. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలదు.

యజమాని ఆలోచించాడు. "సరే. బళ్ల కోసం ఆ జంటమాటల పుస్తకం వచ్చింది కదా, అంతా ఒకేలా వినబడే మాటలే. అది ఆవిడ చదివి, ఆయన విని, తప్పు లేకుండా బయటికొస్తే ఇద్దరినీ ఉంచుతా. ఇరవై రోజులు."

"నా సంగతి అన్నయ్యగారికి చెప్పకండి. పని చెయ్యలేరు" అంది ఆవిడ. ఇరవై రోజుల తరువాత విశ్రాంతికి సెలవు పెడుతున్నానని ఆయనకు తనే చెప్పుకుంది. ఆయన తలూపాడు. ఎన్నాళ్లని అడగలేదు. ఆ రాత్రి భర్తకు ఆసుపత్రి కాగితాలు చూపించి రెండు ముక్కల్లో చెప్పింది.

మర్నాటి నుంచి భోజనాల వేళ సూదమ్మ ఆ గదికి రావడం మొదలుపెట్టింది. చుట్టూ మిగిలిన కాగితం ముక్కలు కుట్టుకుని తనే ఒక నోటుపుస్తకం చేసుకొచ్చింది. బొటనవేలంతా సూది గాట్లు. మొదటి రోజు అరగంటకే నోటుపుస్తకం మూసేసింది.

"నావల్ల కాదక్కా. అంతా ఒకటే మోత. పెయిన్, పెయిన్. ఏది ఏదో దేవుడికెరుక."

"మోత వినకే, మనిషిని చూడు. ఒకావిడకు నొప్పి, ఒకావిడ కిటికీ అద్దం. నొప్పి పెయిన్, అద్దం పెయిన్. వీధిలో ఒకే పేరుగల ఇద్దరుంటే ఏం చేస్తావు?"

"పాలబ్బాయి చెల్లెలనీ, మేడమీదామె అనీ అంటాం."

"ఇదీ అంతే. ఇప్పుడు చెప్పు, బ్రేక్?"

"బండి ఆపే బ్రేక్, గాజు పగిలే బ్రేక్."

"పీస్?"

"ముక్క పీస్..." సూదమ్మ తడుముకుంది. "ఇంకోటి మా ఇంట్లో లేనిది."

"శాంతి పీస్" అని గొంతమ్మ నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక రుమాలు మడిచి నడుములో దోపుకుంది. సూదమ్మ ఆ రుమాలు వైపు చూసి, తరువాతి మాట తనంతట తనే చదవడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి ఇంక నావల్ల కాదు అనలేదు.

రోజులు గడిచాయి. తెల్లారితే వచ్చేది పొద్దు మార్నింగ్, పోయినవాళ్ల కోసం ఏడ్చేది ఏడుపు మార్నింగ్. బట్టకు వేసేది రంగు డై, ఇంకొకటి చెప్పనక్కర్లేదు. బళ్లో ఉండేది పెద్దమాస్టారు ప్రిన్సిపల్, మనసులో ఉండాల్సింది నీతి ప్రిన్సిపల్. చిన్నగా చెప్పినా మింగినప్పటిలాగే నొప్పి. ఒక్కొక్క మాటకూ గొంతులో ఇసక రాసినట్టుండేది. ఆవిడ రోజూ పని మొదలెట్టే ముందు కళ్లు మూసుకుని, "ఇవాళ్టి మాటలు ఇవాళ్టికి సరిపెట్టు తండ్రీ" అనుకునేది. దేవుడు సరిపెడుతూనే వచ్చాడు. మూడో వారానికి సూదమ్మ పేజీకి పేజీ ఆగకుండా చదివింది, కళ్లద్దాలాయన విని పెన్సిలు నడిపాడు. ఇంకా నలభై జంటలు మిగిలాయి. వాటిని చివరి సాయంత్రం ఇంటి దగ్గర చెబుతానంది.

ఆఖరి పనిరోజున చివరి గంట మాత్రం గొంతమ్మే చదవాలనుకుంది. ఎవరూ కాదనలేదు. సూదమ్మ బైండింగులోకి వెళ్లిపోయింది. పుస్తకంలో హెచ్ అక్షరం పేజీ అది. చిల్లు హోల్, మొత్తం హోల్. తల హెయిర్, కుందేలు హెయిర్. తరువాతి వరస గుర్రం హార్స్.

దాని జత ఆవిడ మెల్లగా, ఉన్న గొంతుతోనే చదివింది.

"బొంగురు హార్స్."

ఎర్ర పెన్సిలు కదల్లేదు. కామా చెప్పింది, చుక్క చెప్పింది. అయినా కదల్లేదు. ఆవిడ తలెత్తి చూసింది. కళ్లద్దాలాయన అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అవి లేకుండా ఆయన మొహం ఎవరిదో కొత్త మనిషి మొహంలా ఉంది.

"నాకు తెలుసు చెల్లెమ్మా. యజమాని చెప్పలేదు. నాకే తెలుసు."

"ఎప్పటినుంచి?"

"పోయిన ఏడాది లెక్కల పుస్తకం చదివాం చూడు, అప్పుడు మొదలైంది. మొదట నీ గొంతు పేరాల చివర్లలో తగ్గేది. తరువాత మధ్యాహ్నానికే బరువెక్కేది. వినబడని చోట మళ్లీ చెప్పమనలేదు నేను. నువ్వు ఇంటికెళ్లాక ఒక గంట ఉండి రాతప్రతి పక్కన పెట్టుకుని నేనే చూసుకునేవాణ్ణి. నీ మీదికి మాట రాకూడదని."

గొంతమ్మ ఆ ఫ్లాస్కు వైపు చూసింది. ఒక్కొక్కటే గుర్తొచ్చింది. జరిగిన కుర్చీ. గోరువెచ్చని నీళ్లు. యంత్రాల వైపు తలుపు సందులో ఆయన కుక్కిన గుడ్డపేలిక. ఏడాది పొడుగునా ఆయన చేసిన ఒక్కొక్క మంచిపనీ ఆ జబ్బుకు దుప్పటి కప్పింది.

"చెప్పాల్సింది అన్నయ్యా" అంది.

"ఈ గదిలో మనిషి తప్పులు..."

"నేనే అన్నాను. నాకు తెలుసు." ఆవిడ గొంతు గరగరమంది. "నా గొంతు విన్నది ఈ లోకంలో మీరొక్కరే. కట్టుకున్నవాడు కూడా వినలేదు. ఒక్క మాట అనుంటే అప్పుడు ఏడ్చేదాన్ని, అలిగేదాన్ని. వారం రోజులు మీతో మాట్లాడేదాన్ని కాదు. అంతేగా?"

ఆయన చేతులు రెండూ బల్ల మీద బోర్లించి పెట్టుకుని, దెబ్బ తినే పిల్లాడిలా కూర్చున్నాడు. ఫరవాలేదు అనే మాట ఆవిడ నాలుక చివర దాకా వచ్చింది. అది అబద్ధం. ఉన్న కాస్త గొంతునూ అబద్ధానికి ఖర్చు చెయ్యబుద్ధి కాలేదు. ఆవిడ మిగిలిన పేజీ పూర్తిగా చదివింది. ఆయన పెన్సిలు నడిపాడు. అడుగున ఇద్దరూ సంతకాలు పెట్టారు. గుమ్మం దాకా వెళ్లాక ఆవిడ వెనక్కి తిరిగి, "వదిన్ని జాగ్రత్తగా చూసుకోండి" అని వెళ్లిపోయింది. కోపం పోయిందని కాదు. అది కూడా నిజమే కాబట్టి అంది.

మర్నాడు పొద్దున ఎనిమిదికి ఆసుపత్రిలో చేరాలి. ఆ సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చేసరికి భర్త కొట్టు కట్టేసి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. పెళ్లయ్యాక, తెరిచిన కొట్టును పొద్దుండగా ఆయన కట్టడం అదే మొదటిసారి. వేళ్ల మధ్య సన్నటి పట్టకారు ఇంకా అలాగే ఉంది, వదలడం మరిచిపోయాడు. ఆవిడ చెప్పులు విప్పుతుండగానే సందులోంచి సూదమ్మ వచ్చింది, నోటుపుస్తకం గుండెకు హత్తుకుని.

"నలభై ఉన్నాయక్కా. త్వరగా చెప్పేసెయ్, రాసుకుంటా. నువ్వు కూర్చో, నిన్ను లేవనివ్వను."

భర్త లేచి, వాళ్లిద్దరికీ చోటిచ్చి లోపలికి నడిచాడు. ఎప్పటిలాగే. ఆయన వంగిన వీపు వైపు గొంతమ్మ చూసింది. ఇరవై ఆరేళ్లు ఆ వీపు అలాగే లోపలికి వెళ్లింది, ఏమీ అడక్కుండా.

"వద్దే" అంది సూదమ్మతో.

"ఏం వద్దు?"

"ఆ నలభైకీ మీరిద్దరే పెట్టుకోండి ఇంటిపేర్లు. నేనూ అన్నయ్యగారూ పెట్టుకున్నట్టే. ఎలా పెట్టాలో నీకొచ్చేసింది."

"తప్పు పోతేనో? యజమాని ఊరుకుంటాడా? పెద్దాయన ఉద్యోగమక్కా..."

గొంతమ్మ ఇరవై రోజులుగా ప్రతి నొప్పినీ మింగింది ఆ ఉద్యోగం కోసమే. ఇప్పుడూ ఆ మనిషి వీధిన పడాలని లేదు. కానీ మిగిలింది ఒక్క సాయంత్రం.

"తప్పు పోకుండా చూసుకోండి. పోతే నేనేం చెయ్యలేను. నా గొంతు ఈ పూట దాకానే ఉందే. వెళ్లు, తల్లీ."

సూదమ్మ కళ్లు తుడుచుకుంది. నోటుపుస్తకం చీర కొంగులో చుట్టుకుని, గొంతమ్మ రెండు చేతులూ ఒకసారి పట్టుకుని వెళ్లిపోయింది. ఆ నలభై మాటలూ ఏమవుతాయో ఆవిడకు తెలియదు. కళ్లద్దాలాయన సంగతీ తెలియదు. ఆ భారం దేవుడి మీద వేసి తలుపు దగ్గరికి వేసింది.

లోపల భర్త గిన్నె చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చున్నాడు.

"ఏమండీ" అంది ఆవిడ.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఏమయింది? నొప్పా? నీళ్లు తేనా?"

"ఏం కాలేదు. మీతో మాట్లాడదామని."

ఆయన అటూ ఇటూ చూసి, వాచీలు దగ్గరపెట్టుకుని కూర్చునే పీట తెచ్చి ఆవిడ మంచం పక్కన వేసుకున్నాడు. "మాట్లాడకూడదన్నారటగా?"

"రేపటి నుంచి ఎలాగూ మాట్లాడను."

"అయితే... ఏదైనా చెప్పవే. నీ ఇష్టం."

ఏం చెప్పాలో ఆవిడకూ తెలియలేదు. ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల రాతలు చదివింది తప్ప తన మాట కూర్చుకోవడం అలవాటు తప్పింది. చివరికి నోటికి వచ్చింది చెప్పింది. "మీరు పట్టకార్లు పక్క మీద వదిలేస్తారు. పదిసార్లు గుచ్చుకుంది నాకు. ఒక్కసారీ అనలేదు."

"నిజంగా?" ఆయన చేతిలోది చూసుకుని గబుక్కున చొక్కా జేబులో వేసుకున్నాడు. "అనొచ్చుగా!"

"ఇప్పుడంటున్నా. ఇంకా ఉన్నాయి."

"అయితే చెప్పు. ఒక్కొక్కటే చెప్పు."

ఆవిడ చెప్పసాగింది. ఆయన స్నానం చేసి తడికాళ్లతో నడిచే సంగతి, పెళ్లయిన కొత్తలో వాళ్లమ్మ అన్న మాట, తనకు ఒకసారి జ్వరం వస్తే ఆయన రెండు రోజులు కొట్టు తెరవకుండా, ఆ సంగతి పైకి చెప్పకుండా తన పక్కనే కూర్చోవడం, అది తను చూసీ చూడనట్టు ఊరుకోవడం. అవి విని ఆయన ఒకసారి నవ్వాడు, ఒకసారి మొహం పక్కకు తిప్పుకున్నాడు. వీధిలో దీపాలు వెలిగాయి. గొంతు మాట మాటకూ సన్నగిల్లి, గాలే ఎక్కువై, మాట తక్కువైంది. ఆయన వాచీ చప్పుడు వినేటప్పటిలాగే తల వంచి, చెవిని ఆవిడ నోటి దగ్గరికి తెచ్చాడు.

"ఊఁ" అన్నాడు. "ఊఁ. తరువాత?"

ఆవిడ చెబుతూనే ఉంది, ఆయన ఊ కొడుతూనే ఉన్నాడు.